రష్యా కెమేరా – బందరు గాలి

పాత వస్తువుకి మన ఇళ్ళల్లో మూడు గతులున్నాయి. ఒకటి అటక. రెండోది పాత సామాన్ల బండి. మూడోది, వచ్చిన చుట్టమల్లా "ఇదేవిటండీ?" అని అడిగే అద్దాల బీరువా. ఈ మూడింట్లో దేని పాలూ కాకుండా, పుట్టిన అరవయ్యేళ్ళకి కూడా ఉద్యోగం చేస్తూ వున్న వస్తువు అరుదు. మా ఇంట్లో అలాంటివి రెండున్నాయి. ఒకటి మా అమ్మగారి ఇత్తడి కాఫీ ఫిల్టరు. రెండోది నా రష్యా కెమేరా. మొదటిదాని మహిమ అందరికీ తెలిసిందే గనక దాని గురించి ఎవరూ అడగరు. రెండోదాని గురించి మాత్రం స్టాఫు రూములోనూ, గుడివాడ రైలు పెట్టెలోనూ, పెళ్ళి పందిళ్ళలోనూ జవాబులు చెప్పీ చెప్పీ, ఇక ఒకసారి రాసేస్తే మేలనిపించింది.

"చేతిలో సెల్‌ఫోను వుండగా ఈ ఇనప ముక్క ఎందుకు మాస్టారూ?" అన్నది మొదటి ప్రశ్న. "ఇలాంటిది కొనాలంటే ఏం చూసి కొనాలి?" అన్నది రెండోది. చిత్రమేవిటంటే, మొదటి ప్రశ్న వేసిన మనిషే పావుగంట పోయాక రెండోది కూడా వేస్తాడు. నేను రెండోదానికే ముందు జవాబు చెబుతాను. మొదటిదాని జవాబు దివిసీమలో వుంది. అక్కడిదాకా మీరు నాతో రావాలి.

కృష్ణాజిల్లా వాళ్ళకి రష్యా మరీ అంత పరాయిదేం కాదు. మా చిన్నతనంలో పుస్తకాలకి అట్టలు వేసుకోవడానికి "సోవియట్ భూమి" కాగితాన్ని మించింది లేదు. అట్ట మీద రంగు బొమ్మ ఎవరిది బాగుందో అని క్లాసులో పోటీలు పడేవాళ్ళం. విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను వచ్చిందంటే, జేబులో వున్న చిల్లరకే దళసరి అట్టల రష్యా నవలలు దొరికేవి. ఉప్పల లక్ష్మణరావుగారు, రాచమల్లు రామచంద్రారెడ్డిగారు వంటి పెద్దలు మాస్కోలో కూర్చుని ఆ దేశపు పుస్తకాల్ని తెలుగు చేశారు. పుస్తకాలు ఓడ ఎక్కి వస్తే, కెమేరాలు పెట్టెల్లో వచ్చాయి. అక్కడికి చదువుకోడానికి వెళ్ళిన కుర్రాళ్ళు తిరిగివస్తూ తెచ్చుకునేవాళ్ళు. మా మేనమామ 1970ల్లో అలా చదువు ముగించుకుని వస్తూ అత్తయ్యకి ఒక ఉన్ని శాలువా, తనకి ఒక జోర్కీ-4 కెమేరా తెచ్చాడు. బందరు ఎండల ధర్మమా అని శాలువా పెట్టెలోంచి బయటికి రాలేదు. కెమేరా మాత్రం ఆయన చేతిలో పాతికేళ్ళు పనిచేసి, తరవాత నా చేతికి వచ్చింది. ఆనాటి నుంచి స్నేహితుల కోసం ఎనిమిదో తొమ్మిదో ఇలాంటి కెమేరాలు చూసి, తట్టి, విని, కొనిపెట్టాను.

రష్యా కెమేరా అని అలవాటుగా అంటున్నాను గాని, ఆ మాటలో నిజం మూడో వంతే. ఈ జాతిలో మనకి తరచు కనబడే కుటుంబాలు మూడు: ఫెడ్, జోర్కీ, కీవ్. వీటిలో ఫెడ్, కీవ్ రెండూ ఈనాటి ఉక్రెయిన్లో పుట్టినవి.

ఫెడ్ కథ చెబితే ఉపాధ్యాయులకి ఒళ్ళు పులకరిస్తుంది. ఖార్కొవ్ నగరం పక్కన, తల్లీ తండ్రీ లేక వీధులపాలైన పిల్లల కోసం 1927లో ఒక కమ్యూను పెట్టారు. దాన్ని నడిపినవాడు ఆంటన్ మకరెంకో అనే ఉపాధ్యాయుడు. ఫెలిక్స్ ఎడ్మండొవిచ్ జెర్జిన్‌స్కీ అనే నాయకుడి పేరు ఆ కమ్యూనుకి పెట్టారు. ఆ పేరులోని మొదటి అక్షరాలే ఫెడ్. ఆ పిల్లలు అక్కడ చదువుకుంటూనే ముందు విద్యుత్తుతో తిరిగే బరమాలు తయారుచేశారు. తరవాత జర్మనీ వారి లైకా కెమేరాని విప్పి, చూసి, 1934 నుంచి అలాంటి కెమేరాలే వరసగా తయారుచెయ్యడం మొదలెట్టారు. వెంట్రుకవాసి తేడాని కూడా సహించని పనిముట్టు అది. వీధిలో తిరిగే పిల్లల చేతుల్లో అది తయారైందంటే, "వీడికి చదువు రాదు" అని ఏ కుర్రాణ్ణయినా తేల్చి చెప్పేముందు నేను ఒక క్షణం ఆగుతాను. 2022లో యుద్ధం వచ్చి, ఖార్కొవ్ మీద బాంబులు పడ్డాయని పేపర్లో చదివిన రోజున ఆ పిల్లలే నాకు గుర్తొచ్చారు.

జోర్కీ 1948 నుంచి మాస్కో దగ్గరి క్రాస్నొగోర్స్క్‌లో తయారైంది. అదీ మొదట్లో ఫెడ్‌కి తమ్ముడే. జోర్కీ అంటే నిశితమైన చూపు కలది అని అర్థం. అందులో జోర్కీ-4 అనే రకం 1956 నుంచి 1973 దాకా, సుమారు 17 లక్షలు తయారైంది. అంచేత ఇవాళ కూడా తేలిగ్గా దొరుకుతుంది. ఇక మూడోది కీవ్. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ నుంచి కాంటాక్స్ కెమేరా తాలూకు యంత్రాలనీ, విడి భాగాలనీ సోవియట్ వారు తరలించుకుపోయి, 1947 నుంచి కీవ్ నగరంలోని ఆర్సెనల్ కర్మాగారంలో చేయించిన కెమేరా అది. ముగ్గురిలోకీ అందగత్తె. అలకలు కూడా అందుకు తగ్గట్టే వుంటాయి.

ఈ మూడింటికీ సామాన్య లక్షణం ఒకటుంది. ఇవి దూరాన్ని కొలుస్తాయి. మీ బొటనవేలు ముక్కు ముందు పెట్టుకుని ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు ఇటూ అటూ గెంతుతుంది. దగ్గరి వస్తువు ఎక్కువ గెంతుతుంది, దూరంది తక్కువ. ఈ కెమేరాలకి కూడా ముందువైపు రెండు కిటికీలుంటాయి. వెనక కన్ను పెట్టి చూస్తే, మధ్యలో చిన్న రంగు మచ్చలాంటి చోట మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ వున్న పట్టీ తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ జరిగి జరిగి ఒకటవుతాయి. ఒకటయినచోట దూరం సరిపోయిందన్నమాట. నా పిల్లలకి క్లాసులో ఇది యతిమైత్రి అని చెబుతాను. పాదం మొదటి అక్షరం ఒకచోట, యతిస్థానం మరోచోట. ఆ రెంటికీ మైత్రి కుదిరితేనే పద్యం నిలుస్తుంది. కుదరకపోతే కవి ఎంత గొప్పవాడైనా చెవికి తెలిసిపోతుంది.

ఇక ఏం చూసి కొనాలి? ఈ విద్యలో నాకు గురువు గుడివాడలో ఒకప్పుడు స్టూడియో నడిపిన ఒక పెద్దాయన. నేను కాపురం బందరులో, ఉద్యోగం గుడివాడలో. సాయంత్రం రైలుకి వేళ కాకపోతే ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఆయన పరీక్షలు నాలుగు. పైసా ఖర్చు లేనివి.

మొదటిది చెవి పరీక్ష. కెమేరాలో రీలు లేకుండా మీట తిప్పి, ఒక్కొక్క వేగం మీదా షట్టరు కొట్టి వినాలి. వేగం పెరిగేకొద్దీ చప్పుడు మారాలి. జోర్కీ-4లో ఒక సెకను దగ్గర్నుంచి సెకనులో వెయ్యో వంతు దాకా వేగాలుంటాయి. ఒక సెకను పెట్టి కొడితే లోపల గడియారంలా గిర్రుమని, ఆగి, మూసుకోవాలి. మధ్యలో నిద్రపోతే లోపలి నూనె ఎండిందని అర్థం. "ఎండిన నూనె రోగం కాదు మాస్టారూ, నీరసం. కడిగి నూనె వేస్తే లేస్తుంది" అనేవారాయన.

రెండోది దీపం పరీక్ష. ఫెడ్, జోర్కీల షట్టరు తెర గుడ్డతో చేసింది. లెన్సు మర తిప్పి ఊడదీసి, వెనక మూత తీసి, ఆ తెరని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని చూడాలి. నల్లటి తెరలో నక్షత్రాలు కనిపించాయా, ఆ కెమేరాతో తీసిన ప్రతి ఫోటోలోనూ అవే నక్షత్రాలు కనిపిస్తాయి. పెళ్ళికొడుకు నుదుటి మీద అరుంధతిని చూడాలని ఎవరికీ వుండదు గదా! కీవ్‌కి ఈ బాధ లేదు. దాని తెర సన్నటి లోహపు పట్టీలతో అల్లింది.

మూడోది ధ్వజస్తంభం పరీక్ష. లెన్సుని అనంత దూరానికి తిప్పి, దూరాన వున్న ధ్వజస్తంభాన్నో తాటిచెట్టునో చూడాలి. రెండు బొమ్మలూ కచ్చితంగా ఒకటి కావాలి. పక్కకి తేడా వుంటే సరిచెయ్యడం తేలికే. ఒకటి పైనా ఒకటి కిందా నిలబడితే మాత్రం ఎప్పుడో కెమేరా కింద పడిందేమోనని అనుమానించాలి.

నాలుగోది లెన్సు పరీక్ష. వెనకనుంచి టార్చి వేసి చూడాలి. పైన ఒకటి రెండు గీతలుంటే కంగారు పడక్కర్లేదు. లోపల సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే మాత్రం దణ్ణం పెట్టి లేచి రావాలి. జూపిటర్-8, ఇండస్టార్ అనే రెండు రకాల లెన్సులు ఎక్కువగా వస్తాయి. మొదటిది ముఖాలని మెత్తగా, రెండోది గీతల్ని పదునుగా చూపిస్తుందని నా అనుభవం. ఫెడ్ లెన్సు జోర్కీకి, జోర్కీ లెన్సు ఫెడ్‌కి పడతాయి. కీవ్ దగ్గర వీటి మరలు కుదరవు, దాని వియ్యం వేరు.

ఇవిగాక ఒక చిట్కా. చాలా జోర్కీల మీదా, కీవ్‌ల మీదా చెక్కిన అంకెల్లో మొదటి రెండూ పుట్టిన సంవత్సరం. 63తో మొదలైతే 1963 అన్నమాట. మరొక హెచ్చరిక. ఒకసారి నా సహోద్యోగి ఒకాయన బంగారు పూత పూసి, జర్మను సైన్యపు గుర్తులు చెక్కిన "లైకా" కెమేరా దొరికిందని పొంగిపోతూ పెద్దాయన దగ్గరికి తెచ్చాడు. ఆయన కళ్ళజోడు పైకెత్తి ఒక్కసారి చూసి, "ఇది ఫెడ్డండీ. లైకా వేషం కట్టింది. కిరీటం బాగానే కుదిరింది" అన్నారు. ఆ వేషాలు ప్రపంచమంతటా అమ్ముడవుతున్నాయి. నాటకం చూడ్డానికి టిక్కెట్టు కొన్నట్టు కొంటే సరే. వజ్రం ధర మాత్రం పెట్టకండి.

మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా ఫెడ్-2 గాని, జోర్కీ-4 గాని. రెండింటికీ వెనక మూత పూర్తిగా ఊడి వస్తుంది గనక రీలు ఎక్కించడం సులువు. చూపు మందగించిన నాలాంటి వాళ్ళ కోసం, కళ్ళజోడు లేకుండానే కిటికీని సరిచేసుకునే ఏర్పాటు కూడా వుంది. కీవ్ రెండో పెళ్ళాం లాంటిదని పెద్దాయన అనేవారు. ఆ ఉపమానం మా ఇంట్లో నేను వాడలేదు.

కొన్నాక అసలు యుద్ధం మొదలవుతుంది. శత్రువు బందరు గాలి. సముద్రం మంగినపూడి దగ్గరే వుందని మనకి తెలియకపోయినా లెన్సుకి తెలుస్తుంది. ఈ తేమలో తోలు సంచీ అంత ప్రమాదకరమైంది లేదు. బూజు ముందు తోలుకి పట్టి, అక్కణ్ణించి అద్దానికి పాకుతుంది. అంచేత తోలు సంచీని చుట్టాల ముందు ప్రదర్శనకి వుంచి, కెమేరాని గట్టి మూత వున్న డబ్బాలో పెట్టండి. అందులో నీలం రంగు సిలికా జెల్ గుళికలు ఒక చిన్న గుడ్డ మూటలో వెయ్యండి. గుళికలు గులాబి రంగుకి తిరిగితే తేమ తాగాయన్నమాట. మూకుడులో సన్నటి సెగ మీద వేడిచేస్తే మళ్ళీ నీలం అవుతాయి. కాని ఆ మూకుడు వేరే వుండాలి. ఈ నియమం మా ఆవిడ పెట్టింది, శాస్త్రం కూడా ఆవిడ పక్షమే.

మరమ్మతు చేసేవాళ్ళు ఇప్పుడు అరుదు. నా జోర్కీలో ఒక నలుసంత మర ఊడిపోతే, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే ఒకాయన దాన్ని చూసి, జుంకీ బిగించే పనిముట్టుతో పావుగంటలో కొత్త మర చేసి బిగించారు. "మా పనికంటే తేలికండీ, దీనికి అందంగా వుండక్కర్లేదు" అన్నారు.

వాడకంలో మూడు సూత్రాలు గుర్తుంటే చాలు. ఒకటి: ముందు మీట తిప్పి రీలు జరపాలి, ఆ తరవాతే వేగం మార్చాలి. ముందు వేగం మార్చారా, జోర్కీ లోపలి యంత్రం దెబ్బతినవచ్చు. మొదట క్రియ, తరవాత విశేషణం అని నేను గుర్తు పెట్టుకుంటాను, వ్యాకరణం ఒప్పుకోకపోయినా. రెండు: ఎండలో లెన్సుకి మూత వుంచాలి. భూతద్దంతో కాగితం కాల్చినట్టు, సూర్యుడు లెన్సులోంచి గుడ్డతెరకి చిల్లి పెడతాడు. మూడు: వెలుతురు కొలిచే యంత్రం లేకపోయినా బెంగ లేదు. 100 వేగం గల ఫిల్ముకి, మంచి ఎండలో కంత 16 మీద, వేగం 125 మీద వుంచండి. పల్చటి మబ్బుకి 11, దట్టమైన మబ్బుకి 8, వసారా నీడకి 4 లేక 5.6. నెల తిరిగేసరికి గడప దాటగానే కన్నే అంకె చెబుతుంది.

ఒకప్పుడు ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారు తయారుచేసిన "ఇందు" ఫిల్ము దొరికేది. ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పుడు ఫిల్ము పై దేశాలది, పట్నం నుంచి తెప్పించుకోవాలి. ఒక్క రీలు ఖరీదులో ఇంటికి వారం రోజుల కూరలు వస్తాయి. ఆ రీలులో వున్నవి 36 ఫోటోలు. తీసినదేదో అప్పుడే చూసుకోడానికీ లేదు, నచ్చకపోతే చెరిపెయ్యడానికీ లేదు. ఇన్ని లోపాలు చెప్పాక మొదటి ప్రశ్న మళ్ళీ వస్తుంది. మరి ఎందుకయ్యా ఇది?

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక మీదుగా ఇంకా కిందికి పోతే చేలూ, రొయ్యల చెరువులూ, మడ అడవులూ, చివరికి సముద్రం. 1977 నవంబరు 19న ఆ సముద్రం లేచి వచ్చింది. సొర్లగొంది వంటి వూళ్ళు ఒక్క పూటలో ఊడ్చుకుపోయాయి. చనిపోయినవాళ్ళు ప్రభుత్వం లెక్కలోనే పదివేల దాకా వున్నారు. ఈ తీరానికి అది మొదటి గాయం కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు చుట్టుపక్కల సుమారు 30,000 మంది పోయారంటారు. తెలుగు సినిమాకి పితామహుడైన రఘుపతి వెంకయ్యనాయుడుగారు పుట్టింది మా బందరులోనే. ఆయన మద్రాసులో ఫోటో స్టూడియో నడిపి ఆ తరవాత సినిమాల్లోకి వెళ్ళారు. అలాంటి వూరి తీరాన, ఉప్పెన తీసుకుపోయిన జనంలో ఎంతోమందికి ఒక్క ఫోటో లేదు.

మా ఆవిడకి పెద్దమ్మ వరస అయ్యే ఆవిడ ఒకరు నాగాయలంక దిగువన ఒక పల్లెలో వుంటున్నారు. ఆ రాత్రి ఆవిడా, భర్తా తాటిచెట్టుకి కరుచుకుని బతికారు. ఇద్దరు పిల్లలు పోయారు. పిల్లకి ఐదేళ్ళు, పిల్లాడికి మూడు. నేను కెమేరా పట్టుకుని వెళ్ళినప్పుడు ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

"ఫోటో అంటే అప్పుడు అవనిగడ్డ వెళ్ళి తీయించుకోవాలి బాబూ. పిల్లలిద్దరికీ తీయిద్దాం అని ఎన్నిసార్లో అన్నాను. కుప్పలు నూర్చాక వెళ్దాంలే అన్నారు మీ పెదనాన్న. ఆయనది మాత్రం తప్పేవుంది? డబ్బు చేతికొచ్చేది అప్పుడే గదా."

కార్తీకం అది. చేను కోతకి రాలేదు. కుప్పలు వెయ్యలేదు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తరవాత ఆవిడే లేచి, పమిట సర్దుకుని, వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. "నాది తియ్యి. ఎంత దూరంలో కూర్చోమంటావు?" అన్నారు. నేను కంత 4 మీద పెట్టి, కిటికీలోంచి చూశాను. ఆవిడ ముఖం రెండుగా కనిపించింది. పట్టీ తిప్పుతుంటే నెమ్మదిగా జరిగి ఒకటైంది. మీటరున్నర దూరం. ఆ లెక్క కుదిరేలోపల ఆవిడ తొందరపడలేదు, నన్నూ తొందరపెట్టలేదు. ఫోను అయితే పది తీసి, పది చూపించి, ఏది బాగుందని అడిగేవాణ్ణి. ఇక్కడ వున్నది ఒక్కటే. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

నెల రోజులకి కాగితం మీద అచ్చువేయించి పట్టుకెళ్ళాను. ఆవిడ చాలాసేపు చూసి, వెనక్కి తిప్పారు. "వెనక రాయవా?" అన్నారు. ఆవిడ పేరు రాశాను. "నాది కాదయ్యా. వాళ్ళిద్దరివీ రాయి. నన్ను చూసినవాళ్ళు వాళ్ళని కూడా చదువుతారు" అన్నారు. పెన్సిలుతో రాశాను. నీళ్ళు తగిలినా పెన్సిలు రాత చెదరదు. ఆవిడ దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఇంట్లో అన్నిటికంటే ఎత్తున, దూలం మీద పెట్టించారు. అంత ఎత్తున ఎందుకని నేను అడగలేదు.

ఈ మాత్రం పని ఏ కెమేరా అయినా చేస్తుందని మీరనవచ్చు. చేస్తుంది. ఫోనూ చేస్తుంది, కాగితం మీద వేయిస్తే. కాని వేయించం. వేల ఫోటోలు తీసి, ఫోను పాడైననాడు అన్నిటినీ ఒక్కసారే పోగొట్టుకుంటాం. 36 మాత్రమే వున్నవాడు ప్రతిదానికీ దూరం కొలుస్తాడు, ప్రతిదాన్నీ కాగితం మీదికి తెస్తాడు. అదే ఈ ఇనప ముక్క నాకు చేసిన ఉపకారం.

కాబట్టి, మీ అటక మీద తాతగారి ఫెడ్డో, బాబాయిగారి జోర్కీయో వుంటే బండివాడికి వేసెయ్యకండి. దింపి, మీట తిప్పి, ఒకసారి చెవి దగ్గర పెట్టుకోండి. పలికితే ఒక రీలు పెట్టండి. పలక్కపోయినా బాధలేదు, చేతిలో ఏది వుంటే దానితోనే ఇంట్లో పెద్దవాళ్ళనీ, చిన్నవాళ్ళనీ తియ్యండి. కాగితం మీద రెండు ప్రతులు వేయించి, వెనక పెన్సిలుతో పేరూ తేదీ రాసి, ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే వూళ్ళో వున్న అక్కయ్య దగ్గరో తమ్ముడి దగ్గరో వుంచండి. మనది నీళ్ళ పక్క కాపురం. ఈ పని కుప్పలు నూర్చేదాకా ఆపకండి.